బెంచీ వైపు తిప్పిన తెర

2007 ఆగస్టు పదకొండు. ఆ మధ్యాహ్నం బలరాం జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిన్నాడు. భార్య పోయాక రొట్టె చేయడం నేర్చుకున్నాడు గానీ గుండ్రంగా వచ్చింది ఆ ఒక్కరోజే. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

భద్రాచలం బస్టాండు ఎదుట అతని ఇంటర్నెట్ సెంటర్. లైను మాటిమాటికీ పోయేది. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు "నెట్ వస్తుందా సార్" అని ప్రాణం తోడేస్తుంటే, ఒక తెరను వాళ్ల వైపు తిప్పి పెట్టాడు. లోపల ఎవరు ఏ సైటు తెరిచినా దాని పేరు అక్కడ కనబడేది. పేర్లు కదులుతుంటే నెట్ ఉన్నట్టు.

చర్ల నుంచి పుష్పలత వచ్చింది. చెంప కమిలి ఉంది. మొగుడి దెబ్బలు పడలేక, హైదరాబాదులో ఆడవాళ్లకు నీడనిచ్చే సంస్థకు రాసుకుందామని వచ్చింది.

"నేను రాసేది ఎవ్వరికీ కనపడదు గదా సార్?"

"కంప్యూటరు మూలకు తాళం బొమ్మ ఉంది చూడు బిడ్డా. దేవునిక్కూడ కనపడదు."

కాసేపటికి ఆమెను వెతుక్కుంటూ మరిది సతీష్ వచ్చి, ఆమె లోపల ఉండడం చూసి బెంచీ మీద కూర్చున్నాడు. తెర మీద ఆ సంస్థ పేరు పడింది.

"ఏంది సార్ గిది? లోపల మా వదినె ఒక్కతే గదా ఉన్నది?" అంటూ లేచి, అన్నకు ఫోన్ చేయడానికి ఎదురు బూత్‌కు పోయాడు.

బలరాం తెర వైపు చూశాడు. ఉత్తరానికి తాళం పడుతుంది, నిజమే. కానీ తాళం పడకముందే, ఎవరింటికి వచ్చిందో కంప్యూటరు గుమ్మం బయట నిలబడి గట్టిగా చెప్పాలి. చదువుకున్నవాడు, అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ కేకను బెంచీకి వినిపించాడు.

లోపలికి పోయి జరిగింది చెప్పాడు.

"మీకు తెల్వదేమో లే సార్" అంది పుష్పలత.

"తెలుసమ్మా" అన్నాడు తల దించుకుని. ఆమె తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది.

తెర ఆర్పేశాడు. ఆమె రాసేది దూరంగా ఉన్న వేరే కంప్యూటరు మీదుగా పోయేలా చేశాడు.

"ఇప్పుడు బయటికి దాని పేరొక్కటే వినపడుతది. అది నడిపేటోళ్లకు మాత్రం తెలుస్తది. మొత్తం దాగదు బిడ్డా. ఈసారి అబద్ధం చెప్పను."

"గంత చాలు సార్."

సంస్థ నుంచి జవాబు వచ్చింది: పొద్దున బస్సుకు రమ్మని. సతీష్ ఎదురు బూత్ దగ్గరే కాచుకుని ఉన్నాడు; ఆమె మొగుడు అప్పటికే చర్ల నుంచి బండి మీద బయలుదేరి ఉంటాడు. దీపాలు పెట్టే వేళకు బలరాం ఆమెను వెనక సందులోంచి పద్మావతమ్మ ఇంటికి తీసుకుపోయాడు. పద్మావతమ్మ ఒకప్పుడు ఆడపిల్లల హాస్టల్ వార్డెన్.

"అమ్మా, ఈమె పేరు..."

పద్మావతమ్మ చెయ్యెత్తి ఆపింది. "వాకిట్లో పేర్లెందుకయ్యా. లోపలికొచ్చినంక ఆమెనే చెప్తది తియ్."

పుష్పలతను లోపలికి రానిచ్చి, రాత్రికి తలుపు మెల్లగా మూసింది. గడియ పడిన చప్పుడు గుమ్మం బయటే ఉన్న బలరాంకే వినపడలేదు.