నిన్నటి కూర

షెల్లాన్ రోజూ పొద్దున్నే లేచి ముందు కుండ మరగబెట్టేది, ఆ తర్వాతే ముఖం కడుక్కునేది. వాళ్ళ అమ్మమ్మ వేవ్నీ నేర్పిన వరస అది. స్తంభాల మీద నిలబడ్డ చెక్క ఇల్లు, ఇంటి కింద వంటిల్లు, పొయ్యి మీద మసిబారిన పెద్ద కుండ, కుండలో పెప్పర్‌పాట్. కర్రపెండలం రసాన్ని నల్లటి పాకం అయ్యేదాకా కాచి, అందులో మాంసం ఉడికించే కూర అది. ఆ పాకం పుణ్యమా అని కూర పాడవదు. అందుకని కుండ ఎప్పుడూ ఖాళీ చేసేవాళ్ళు కాదు. తిన్నంత తిని, మిగిలినదాంట్లోనే కొత్త మాంసం వేసి మళ్ళీ మరగబెట్టడమే, పెరుక్కి తోడు మిగుల్చుకున్నట్టు. వేవ్నీ తల్లి పెళ్ళినాడు పొయ్యెక్కిన కుండ, వేవ్నీ పోయాక కూడా అడుగు కనబడలేదు.

ఆ కుండలోది ఒక్కసారి తిన్నవాడు ఎక్కడ తప్పిపోయినా, ఆకలి దంచేసరికి తిరిగి ఆ వంటింటికే చేరేవాడు. పడవ మునిగిన జాలరి వచ్చాడు. బంగారం తవ్వడానికి వెళ్ళి అడవిలో దారి తప్పినవాడు వచ్చాడు. ఎవరితోనో లేచిపోయిన ఒక మొగుడు కూడా వచ్చాడు. పెళ్ళాం పెద్దగా సంతోషించలేదు. మా ఊరు అగ్రికోలాలో దీన్ని వింతగా చెప్పుకున్నవాళ్ళు లేరు. నీళ్ళమీద పనికి వెళ్ళేవాణ్ణి ముందు ఇక్కడికి తెచ్చి ఒక ముద్ద తినిపించేవాళ్ళు, అంతే.

అలా ఉండగా నడిసముద్రంలో చమురు దొరికింది. మాది చిన్న దేశం, పట్టుమని పదిలక్షల జనం లేరు. మొదట్లో ఆ చమురు తవ్వడానికి వచ్చిన ఓడలవాళ్ళు ఉల్లిపాయల దగ్గర్నుంచి తాగే నీళ్ళదాకా అన్నీ బయటినుంచే తెప్పించుకున్నారు. ఏటి ఎగువన మన రైతులు గుమ్మడికాయలు పందులకి వేసుకుంటూ ఆ పెట్టెలు దిగుతుంటే చూశారు. తర్వాత చట్టం వచ్చింది: ఇక్కడ దొరికేది ఇక్కడే కొనాలి. కొనడానికి వాళ్ళు సరేనన్నారు గానీ, వాళ్ళు అడిగిన పద్ధతిలో ఉండాలన్నారు. దాంతో దేశమంతా బడికి వెళ్ళినట్టయింది. వెల్డింగ్ చేసేవాడు మళ్ళీ పరీక్ష రాశాడు. కోళ్ళవాడు గుడ్లు కడగడం నేర్చుకున్నాడు. పూటకూళ్ళ ఆడవాళ్ళు జుట్టుకి వలలు కట్టుకుని ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకున్నారు.

అందరికంటే ముందు అందుకున్నది షెల్లాన్. స్టీలు బల్లలు వేయించింది, చల్లగది కట్టించింది. రేవునుంచి చమురు బావులకి సరుకు మోసే ఓడల్లో మనుషులకి భోజనం వండే పని ఆమెకి రావాలని ఊరంతా కోరుకుంది. ఆమెకి వస్తే ఎగువ రైతుల గుమ్మడికాయలకి దారి దొరుకుతుంది, వీధిలో ఆరుగురు ఆడవాళ్ళకి పని దొరుకుతుంది.

ఓడలవాళ్ళ తరఫున తనిఖీకి పక్క దేశం ట్రినిడాడ్ నుంచి ఒకాయన వచ్చాడు. నెమ్మదస్తుడు. అన్నీ చూసి బాగున్నాయన్నాడు. కుండ దగ్గర ఆగి, ఎప్పటిదని అడిగాడు. షెల్లాన్ ఉన్నమాట చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు.

"మా నానమ్మ ఇంట్లోనూ ఇలాంటిది ఉండేదమ్మా. నేను కాదనను. కానీ నిన్నటి కూర నిన్నటి కూరే. నేను శుక్రవారం మళ్ళీ వస్తాను, అప్పటికి వంటింట్లో ఈ పాతది ఉండకూడదు."

పక్కింటికి పంపేయవచ్చు. మేడమీద దాచవచ్చు. ఆ సంగతి షెల్లాన్‌కి తట్టకపోలేదు. కానీ కుండ కదిలితే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే నలుగురూ నాలుగు మాటలంటారు, అవి ఆయన చెవిన పడితే పని చేజారుతుందేమో అని భయం. గురువారం మధ్యాహ్నం, వంటింట్లో సాయానికి వచ్చిన ఆడవాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళాక, కుండెత్తి ఇంటిముందు కాలువలో వంచేసింది. నల్లటి కూర నీళ్ళలో సాగి, వంతెన కిందుగా, సముద్రంలోకి తెరుచుకునే తూము వైపు పోయింది. కుండ తోమింది. కొత్త మాంసం, కొత్త పాకం వేసి పొయ్యి మీద పెట్టింది. చూడ్డానికి అదీ నల్లగానే ఉంది. రుచిలో తేడా ఎవరూ పట్టలేదు. అందుకు సంతోషించిందట, ఆ తర్వాత ఎన్నిసార్లో సిగ్గుపడింది.

పని వచ్చింది. గుమ్మడికాయలు లారీల్లో దిగాయి.

నెల తిరక్కుండానే మా వీధిలో ఉండే డెజ్రీ తన కొడుకు ఓరిన్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. సరుకు ఓడలో అతనికి ఉద్యోగం దొరికింది, మర్నాడే మొదటి ప్రయాణం. డెజ్రీ మొగుడు ఏనాడో పోయాడు, ఉన్నది ఈ ఒక్క కొడుకే.

"పెట్టమ్మాయ్, నీ చేత్తోనే పెట్టు," అంది.

షెల్లాన్ చెయ్యి గరిటె మీద ఆగింది. చెప్పాలనుకుంది. వెనక ఆరుగురు ఆడవాళ్ళు అన్నం పొట్లాలు కడుతున్నారు. చెప్పలేదు, వడ్డించింది. ఓరిన్ రెండోసారి కూడా అడిగి పెట్టించుకుని, "అత్తా, ఓడలో కూడా నీ వంటేగా, ఇంక ఇంటిమీద బెంగెందుకు," అని నవ్వుతూ వెళ్ళాడు. ఆ రోజునుంచి షెల్లాన్‌కి తిండి సయించలేదు.

ఓడ బావులదాకా వెళ్ళి తిరిగొస్తుండగా అల ఒకటి ఓరిన్‌ని ఈడ్చుకుపోయింది. రెండు ఓడలు వెతికాయి, హెలికాప్టర్ వెతికింది. రేవునుంచి మనిషి వచ్చి డెజ్రీకి చెబితే, ఆవిడ ఏడవలేదు. స్నానం చేసి, మంచి గౌను వేసుకుని, షెల్లాన్ వంటింటికి వచ్చి ముక్కాలిపీట మీద కూచుంది. ఒళ్ళో ఖాళీ గిన్నె.

"వాడికి ఆకలెక్కువ. సాయంత్రానికల్లా వచ్చేస్తాడు," అంది.

సాయంత్రమైంది, రాలేదు. మర్నాడు పొద్దున్న మళ్ళీ వచ్చి కూచుంది. ఆడవాళ్ళు ఆవిడ చుట్టూ తిరిగి పని చేసుకుంటూనే, ఓరిన్ రాగానే ఏం పెట్టాలో మాట్లాడుకున్నారు. ఆ నమ్మకం చూస్తుంటే షెల్లాన్‌కి కత్తిపీట మీద కూచున్నట్టుంది. ఇక ఉండబట్టలేక వచ్చి డెజ్రీ ముందు నేలమీద చతికిలబడింది.

"వదినా, వాడు తిన్నది ఆ కూర కాదు. ఆ కుండ నేనే పారబోశాను. తనిఖీ కోసం. వాడికి పెట్టింది కొత్తది. తెలిసే పెట్టాను."

పొట్లాలు కట్టే చేతులన్నీ ఆగిపోయాయి. డెజ్రీ పీట మీంచి ముందుకి వంగింది. కొడుతుందనుకున్నారు. కొట్టినా బాగుండేది.

"ఎక్కడ పారబోశావు?"

"కాలువలో."

"ఆ పూట తూము తీశారా?"

"తీశారు. ఆటు వేళ."

"అయితే అది తిన్నది సముద్రం," అని డెజ్రీ పీట తిప్పుకుని కాలువ వైపు ముఖం పెట్టి కూచుంది.

మిట్టమధ్యాహ్నం వచ్చింది సముద్రం. ఒడ్డున మాకు తెలిసిన బురదనీరు కాదు, బావుల దగ్గర పనిచేసేవాళ్ళు చెప్పే నడిసముద్రపు నీలం నీళ్ళు. తూము తలుపు మీదుగా పొంగి, కాలువ నిండి, తొందరేమీ లేకుండా రోడ్డు దాటి వంటింట్లోకి నడిచొచ్చాయి. స్టీలు బల్లలు కదిలాయి. చల్లగది తలుపు ఊడింది. నీళ్ళు డెజ్రీ మోకాళ్ళదాకా వచ్చి ఆగి, మోసుకొచ్చినవాణ్ణి ఆవిడ పాదాల దగ్గర దించాయి. ఓరిన్ దగ్గాడు, కక్కాడు, కళ్ళు తెరిచాడు.

డెజ్రీ కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. నీళ్ళు వెనక్కి పోలేదు. పొయ్యిగట్టు దగ్గర నిలబడి, కుండ వైపు మెల్లగా ఊగుతున్నాయి. షెల్లాన్ ఓరిన్ కోసం గిన్నె అందుకోబోయింది. డెజ్రీ గిన్నె ఇవ్వలేదు, నీళ్ళవైపు చూపించింది.

"నా కొడుక్కి నేను పెట్టుకుంటాను. ఇది నీ ఇంటికొచ్చిన చుట్టం. దీనికి నువ్వు పెట్టు."

షెల్లాన్ కుండ వంచింది. చాల్లేదు. ఆ పూట ఓడకి వెళ్ళాల్సిన అన్నం పొట్లాలన్నీ విప్పి పెట్టింది. చాల్లేదు. రేవులో ఓడ భోజనం కోసం చూసి చూసి, వేరేవాళ్ళ దగ్గర ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆమె మాత్రం మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, గట్టుమీద పొయ్యి మళ్ళీ వెలిగించి, గుమ్మడికాయలు తరగడం మొదలుపెట్టింది.