నోట్లో నీళ్ళు, చేతిలో తాళం

మా వదిన ఇంటింటికీ తిరిగే నర్సు. నాడి పట్టుకుంటే పైకి లెక్కపెడుతుంది. మాత్రలు పైకి లెక్కపెడుతుంది. మెట్లెక్కినా అంతే. అదొక చిక్కు అవుతుందని వాళ్ళన్నయ్య, అంటే మా బావ, కొట్టుకి పెన్ డ్రైవ్ కొనడానికి వెళ్ళిన రోజు దాకా మాకెవరికీ తట్టలేదు.

పాతది బస్సులో జారిపోయింది. కండక్టరు మంచివాడే. ఎవరిదో తెలుసుకుందామని తెరిచి చూసి, తెచ్చి ఇచ్చాడు. చూశాడు కదా మరి! పేర్లు, జబ్బులు, మందులు, అన్నీ. సంగతి పాకిపోయింది. మర్నాడు ఒక ఇల్లాలు వదినకి కుర్చీ వేసింది గానీ నోరు విప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోప్పడలేదు. "తాళం ఉన్న డ్రైవ్ తెచ్చుకో. లేకపోతే సోమవారం నుంచి ఇక్కడే చీటీలు రాసిచ్చే కిటికీ దగ్గర కూర్చో. ఇళ్ళకి ఇంకొకరు వెళ్తారు" అంది.

వదినని ఒకచోట కూర్చోబెట్టడమంటే గాలిని సంచిలో కట్టడమే.

బావ కొట్టు మేడమెట్ల కింద ఉంటుంది. మేమిద్దరం లోపలికి వెళ్ళాక గాలికి చోటు లేదు. బావ గాజుబల్ల మీద మూడు రకాలు పరిచాడు.

"ఇది చవక. కంప్యూటర్లో ప్రోగ్రామ్ ఎక్కించి పాస్‌వర్డ్ కొట్టాలి."

"ఆసుపత్రి కంప్యూటర్లో కొత్తవేవీ ఎక్కించనివ్వరన్నయ్యా."

"అయితే ఇది. వేలు ఆనిస్తే చాలు."

ఆనించింది. ఎర్ర దీపం. ఇంకో వేలు. మళ్ళీ ఎర్ర దీపం. రోజంతా సబ్బుతో, మందునీళ్ళతో కడిగి కడిగి ఆ వేళ్ళు గులకరాళ్ళలా నున్నబడ్డాయి.

"నీకు వేలిముద్రలే లేవు కదే! దొంగతనాలకి భలే పనికొస్తావు."

"మొదటి కన్నం నీ కొట్టుకే."

మూడోదాని ఒంటిమీదే అంకెల బొత్తాలున్నాయి. నంబరు నొక్కితేనే తెరుచుకుంటుంది. లోపల రాసినదాన్ని గజిబిజి చేసి దాచుకుంటుంది, ఊడదీసి చూసినా ముక్క అర్థం కాదు. వరసగా పదిసార్లు తప్పు నొక్కితే తనంతట తనే తుడిచేసుకుంటుంది. ఆసుపత్రిలో ఇంకో కాపీ ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు.

"నంబరు పెట్టుకో. మేం చూడం" అని బావ గోడవైపు తిరిగాడు. నేనూ తిరిగాను.

"ఏడు... మూడు... తొమ్మిది..." మొదలుపెట్టింది వదిన. మొత్తం నొక్కాక, "మళ్ళీ కొట్టమంటోంది. చివర ఏం పెట్టానబ్బా?" అంది.

బయట బల్ల మీద టీ తాగుతున్న పెద్దాయన, "రెండమ్మా" అన్నాడు.

బావ నవ్వు ఆపుకోలేక గోడకి తల కొట్టుకున్నాడు. తగిలించిన వైర్లు నెత్తిన పడ్డాయి.

"నవ్వు. సోమవారం కిటికీలో నన్ను చూసి కూడా నవ్వు" అంది వదిన. బావ నవ్వు మింగేశాడు.

ఇంకో నంబరు పెట్టడానికి పెదాలు బిగించింది. పెద్దాయన టీ పక్కనపెట్టి తొంగిచూశాడు. "ఐదు. పెదాలు చెప్పేస్తున్నాయమ్మా." కొంగు అడ్డం పెట్టుకుంటే కొంగులోంచే వినిపించింది.

నేను నీళ్ళసీసా అందించాను. "పుక్కిట పట్టు వదినా."

బుగ్గలు బూరెల్లా పొంగాయి. కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్కో బొత్తామూ నొక్కింది. చప్పుడు లేదు. గట్టిదనం చూద్దామని బావ, "మీ ఆయన పెళ్ళిలో ఆడవాళ్ళ చెప్పులేసుకుని ఫొటో దిగాడు, గుర్తుందా?" అన్నాడు. వదిన భుజాలు అదిరాయి. చుక్క బయటికి రాలేదు. రెండోసారీ అదే నంబరు నొక్కింది.

పచ్చ దీపం.

ఆ పట్టిన నీళ్ళన్నీ బావ చొక్కా మీదే.

"ఈసారి ఒక్కటీ అందలేదు" అన్నాడు పెద్దాయన దిగాలుగా.

డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సరేనంది. సోమవారం వదినని బండి మీద ఆ ఇల్లాలి ఇంటికి నేనే తీసుకెళ్ళాను. కుర్చీ వేసింది. మాట లేదు. వదిన ఆసుపత్రి ల్యాప్‌టాప్ తీసి, మంచినీళ్ళడిగి, పుక్కిట పట్టి, బొత్తాలు నొక్కింది.

"ఇదేం వైద్యమమ్మా?" అంది ఇల్లాలు బిత్తరపోయి.

వదిన నీళ్ళు మింగి జరిగిందంతా చెప్పింది, పెద్దాయనతో సహా. ఇల్లాలు పొట్ట పట్టుకుని నవ్వింది. తను కూడా ఒక కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది.

"అయితే రాసుకో. కిందటివారం నుంచీ..." అని నావైపు చూసింది.

నేను బండి దగ్గరికి వచ్చేశాను.