ముక్క ఉడకలేదన్న మాట

అమెరికాలో కమ్మింగ్ నుంచి డాసన్‌విల్ దాకా దైవాశీర్వాదం కారు వెనక సీట్లో లోలోపలే ఇంగ్లీషు మాటలు కూడబెట్టుకుంటూ కూర్చున్నాడు. ముందు సీట్లో ఆయన భార్య మణి ఈలోపు మూడు కీర్తనలు పాడేసింది. ఆవిడకేం, ఆవిడ ఎప్పుడో ఒప్పేసుకుంది. డ్రైవ్ చేస్తున్న చిన్నకూతురు అబిగేల్ మాత్రం అద్దంలోంచి తండ్రి మొహం చూస్తూనే ఉంది. ఆ మొహంలోంచి 'సరే' అన్న రెండక్షరాలు రావాలి. వస్తే పెళ్ళి, రాకపోతే లేదు. ఆ మాట ఎవరో పెట్టిన షరతు కాదు, ఆ పిల్లే అంది.

"నాన్నా, మీకు ఇష్టం లేకపోతే నేను చేసుకోను. కానీ వెస్లీ వాళ్ళ డాడీని ఒక్కసారి చూసి చెప్పండి. చూడకుండా నో అనకండి."

వెస్లీ మీద ఆయనకి పేచీ లేదు. అమెరికా కుర్రాడైనా ఆరు నెలలుగా ప్రతి ఆదివారం వీళ్ళ తెలుగు చర్చికి వచ్చి, చివరి బెంచీలో కూర్చుని, ముక్క అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా ఆమేన్ అంటున్నాడు. పేరు కూడా కొత్తది కాదు, చీరాలలో వీధికో వెస్లీ దొరుకుతాడు. దైవాశీర్వాదం భయమంతా మగపిల్లాడి తండ్రి అనే జాతితోనే.

ఆ భయం ఊరికే రాలేదు. పన్నెండేళ్ళ కిందట చీరాలలో పెద్దకూతురు ప్రిస్సిల్లా పెళ్ళి భోజనాల్లో, మొదటి బంతిలో కూర్చున్న వియ్యంకుడు ధర్మారావు, వేటమాంసం ముక్కని బొటనవేలితో నొక్కి చూసి, విస్తట్లో పడేసి, "ముక్క ఉడకలేదు" అన్నాడు. అంతే, నలభై మంది ఒక్కసారిగా లేచి చేతులు కడిగేసుకున్నారు. ముక్క ఉడికింది. ఉడికిందని లేచినవాళ్ళకీ తెలుసు. అయినా దైవాశీర్వాదం భుజం మీది కండువా చేతిలోకి తీసుకుని, ఎండలో గంటసేపు ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఆ మాట అక్కడితో ఆగిందా అంటే ఆగలేదు. ఈనాటికీ ప్రిస్సిల్లా ఏ కూర వండినా, "మీ పుట్టింటి వంటేనా?" అని అత్తవారింట్లో ఎవరో ఒకరు నవ్వుతూనే ఉంటారు. ఆ నవ్వు ఫోన్లో వినపడ్డ రోజు ఆయన అన్నం ముట్టేవాడు కాదు. ఇంకో కూతుర్ని ఇంకో ధర్మారావు చేతికి ఇవ్వకూడదని ఆయన గట్టిగా అనుకున్నాడు. ఆ తండ్రి అమెరికావాడైతే మాత్రం ఏంటి, మగపెళ్ళివాడు ఎక్కడైనా మగపెళ్ళివాడే కదా!

వెస్లీ తండ్రి పేరు క్లైడ్. భార్య పోయాక చెట్ల మధ్య పాత ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. వీళ్ళు దిగేసరికి పెరట్లో నల్లటి ఇనప పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. మూత సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. మనిషి ఆరడుగులు, చేతులు మసి. టోపీ తీసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, దైవాశీర్వాదం చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. గోడౌన్ ఇన్‌చార్జిగా ముప్పై మూడేళ్ళు ఇంగ్లీషులోనే రిపోర్టులు రాసిన దైవాశీర్వాదానికి అందులో 'సర్' ఒక్కటే అర్థమైంది.

"పొద్దున ఐదింటి నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నారట నాన్నా, మీకోసం. ఈ వేట సీజన్లో ఆయనకి ఒక్క జింకే పడిందట. మీరు వచ్చేదాకా ఆ మాంసం ఫ్రీజర్లోంచి తియ్యలేదట" అంది అబిగేల్.

ఆడపిల్ల తండ్రి కోసం మగపిల్లాడి తండ్రి తెల్లవారుజామున లేచి వంట చెయ్యడమా! దైవాశీర్వాదం నమ్మలేదు. ఇందులో ఏదో ఉంది అనుకున్నాడు.

క్లైడ్ ఆయనకి పొయ్యి పక్కనే కుర్చీ వేశాడు. అబిగేల్ మధ్యలో నిలబడి మాటలు అటూ ఇటూ మోసింది. లోపల ఉన్నది జింక జబ్బ. నిప్పులు ఒక పక్క, మాంసం ఇంకో పక్క. సెగ తగలాలి గానీ మంట తగలకూడదు. నిప్పుల మీద పెకాన్ చెట్టు కట్టె ముక్కలు రెండంటే రెండే, ఎక్కువేస్తే చేదొస్తుంది. మూత మీద వేడి చూపించే ముల్లు రెండువందల పాతిక డిగ్రీల దగ్గర నిలబడాలి. జింక అడవంతా పరిగెత్తే జంతువు కాబట్టి దాని ఒంట్లో కొవ్వుండదు, ఆదమరిస్తే ఎండి చెక్కయిపోతుంది. అందుకే పైన పందికొవ్వు పట్టీలు కప్పాడు.

"మొత్తానికి దీనికి కావాల్సింది ఓపికట నాన్నా. మూత తియ్యకుండా ఉండటమే పనట."

నిదానమే ప్రధానమని తెలియనివాడెవడు? కానీ బస్తా కనిపిస్తే కుట్టు విప్పి చూడకుండా ఉండలేని ఉద్యోగం చేసిన చెయ్యది. పది నిమిషాలకే దైవాశీర్వాదం మూత ఎత్తాడు. పొగంతా గుప్పున మొహాన కొట్టి వెళ్ళిపోయింది, ముల్లు దిగిపోయింది.

"అయ్యో, ఏంటండీ ఆ ఆత్రం! ఊళ్ళో కూర అనుకున్నారా కలపడానికి?" అంది మణి.

క్లైడ్ ఇంకో రెండు నిప్పులు వేసి, కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. అరగంట తర్వాత దైవాశీర్వాదం చెయ్యి మళ్ళీ మూత మీదికి వెళ్ళింది. క్లైడ్ ఆ చెయ్యి చూసి నవ్వి, తన చేతిని కూడా మూత దగ్గరికి తీసుకెళ్ళి, రెండో చేత్తో దాన్ని తనే కొట్టుకున్నాడు. నేనూ మొదట్లో అంతే అని దాని అర్థం. దానికి అబిగేల్ అక్కర్లేకపోయింది.

మనిషి మంచివాడిలాగే ఉన్నాడే అనుకున్నాడు దైవాశీర్వాదం. వెంటనే ధర్మారావు కూడా నిశ్చితార్థం దాకా మంచివాడేనని గుర్తు తెచ్చుకున్నాడు.

మూడింటికి జబ్బ దిగింది. ముళ్ళగరిటె గుచ్చి లాగితే పీచులు పీచులుగా ఊడొచ్చింది. అప్పుడు క్లైడ్ లోపలికెళ్ళి, ఒక పళ్ళెంలో పొడుగాటి కండ తెచ్చాడు. అది వెన్నెముక పక్కనుండే మెత్తటి మాంసం, జింక మొత్తానికి అలాంటివి రెండే ఉంటాయి. దీనికి పొగ వద్దట, ఓపికా వద్దట. ఉప్పూ మిరియాలూ అద్ది భగభగలాడే నిప్పుల మీద రెండు వైపులా నాలుగేసి నిమిషాలు కాల్చి, కాసేపు పక్కన పెట్టి, కోశాడు.

వరండాలో వెస్లీతో సహా అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ప్రార్థన అయింది. క్లైడ్ తను కూర్చోకుండా, మొట్టమొదటి ముక్క, మధ్యలోది, దైవాశీర్వాదం పళ్ళెంలో వేసి, తర్వాత మిగతావాళ్ళకి వడ్డించాడు.

లోపలంతా ఎర్రగా ఉంది. చూస్తుండగానే ఆ ఎరుపు కారి పక్కనున్న మొక్కజొన్న రొట్టెలోకి ఇంకింది.

దైవాశీర్వాదం రక్తం తినడు. వాళ్ళ నాన్న తినలేదు, ఆయన నాన్న తినలేదు. చిన్నప్పుడు మాంసం ఆరు నీళ్ళు పోసి కడిగేదాకా వాళ్ళమ్మ పొయ్యి వెలిగించేది కాదు. ఆ సంగతి అబిగేల్‌కి తెలుసు గానీ, తనూ ఆ ఎరుపు అలవాటు చేసుకుని చాలా ఏళ్ళై, మర్చిపోయింది. ఇప్పుడు చూసి నాలిక్కరుచుకుంది.

"నాన్నా, అది బ్లడ్ కాదు. మాంసంలో ఉండే నీరే. నిజం."

"నువ్వు చెప్తే నేను నమ్ముతానమ్మా. గొంతు నమ్మదు" అన్నాడు ఆయన మెల్లిగా.

కక్కలేక మింగలేక అంటారే, ఇంకా నోట్లో పెట్టకముందే ఆయన పని అలా అయింది. ఒక్క మాట అంటే చాలు. ఇన్నేళ్ళూ తన కూతుర్ని కాల్చుకు తిన్న ఆ మాటే ఇప్పుడు తన నాలుక చివర ఉంది, ఈసారి నిజం కూడా. నిజమైతే మాత్రం, ఎలా అంటాడు? తెల్లవారుజాము నుంచి పొయ్యి ముందు నిలబడ్డ మనిషి ఎదురుగా ఉన్నాడు. దైవాశీర్వాదం ముళ్ళగరిటె పట్టుకున్నాడు, దించాడు, మళ్ళీ పట్టుకున్నాడు.

క్లైడ్ చూశాడు. పళ్ళెం కేసీ, ఆయన మొహం కేసీ ఒక్క క్షణం చూసి, గబుక్కున ముందుకి వంగి ఆ పళ్ళెం తీసేసుకున్నాడు.

"క్షమించండి సర్. తప్పు నాది. తొందరపడి ముందే దింపేశాను, ముక్క సరిగ్గా కాలలేదు" అన్నాడు. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు కాబట్టి ఆ ఇంగ్లీషు దైవాశీర్వాదానికి నేరుగా అర్థమైంది.

"డాడ్, అది..." అని వెస్లీ ఏదో అనబోయాడు. తండ్రి వాడి వైపు ఒక చూపు చూశాడు. క్లైడ్ అందరి పళ్ళేల్లోంచీ ముక్కలు ఏరి, మిగతా కండతో సహా పట్టుకుని మెట్లు దిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

అబిగేల్ తండ్రి చెవి దగ్గరికి వంగింది. "నాన్నా, ఆయన ముందే దింపలేదు. అది అలాగే తినాలి. ముప్పై ఏళ్ళుగా అలాగే చేస్తున్నారు. ఇప్పుడు మళ్ళీ కాలిస్తే అదింక ఎందుకూ పనికిరాదు. ఆయనకీ తెలుసు."

దైవాశీర్వాదం వరండాలోంచి చూశాడు. పెరట్లో పెద్ద మనిషి, మగపిల్లాడి తండ్రి, తల వంచుకుని నిప్పుల మీద తన ఏడాది వేటలోకెల్లా మంచి మాంసాన్ని చేతులారా పాడుచేసుకుంటున్నాడు. ఎవరో తెలియని ఒక ముసలాయన గొంతు దిగడం కోసం, చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్నాడు. ఆ చీరాల ఎండలో గంటసేపు నిలబడ్డప్పుడు, ఇలా ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "పోనీలెండి, తప్పు మాది" అని ఉంటే! దైవాశీర్వాదం కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

మణి కంగారుగా ఆయన చొక్కా పట్టుకుంది. "ఏమండీ, భోజనం ముందు నుంచి లేస్తారేంటి? కూర్చోండి. ఏమనుకుంటారు వాళ్ళు?"

ఆయన మెట్లు దిగి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. కారులో దారి పొడుగునా కూడబెట్టుకున్న ఇంగ్లీషు ఒక్క ముక్కా గుర్తు రాలేదు. పట్టకారు పట్టుకున్న క్లైడ్ చేతి మీద చెయ్యి వేశాడు.

"బావగారూ" అన్నాడు.

క్లైడ్ తలెత్తాడు.

"మీ తప్పేం లేదు బావగారూ. మా ఇంట్లో రక్తం తినం. ఎరుపు కనిపిస్తే నాకు మింగుడు పడదు. పొద్దున్నే చెప్పాల్సింది, చెప్పకుండా మిమ్మల్ని పరీక్ష చేస్తూ కూర్చున్నాను. తప్పు నాది. మీరు తల దించకండి. మీరు తల దించితే నేను చూడలేను."

అంతా తెలుగులోనే చెప్పాడు. క్లైడ్‌కి ఒక్క అక్షరం అర్థం కాలేదు గానీ, ఎదుటి మనిషి కళ్ళలో నీళ్ళు చూసి పట్టకారు పక్కన పెట్టేశాడు. వరండా వైపు తిరిగి, "ఏమంటున్నారమ్మా మీ నాన్న?" అని అడిగాడు.

అబిగేల్ కటకటాల దగ్గర నిలబడి ఉంది. తండ్రి ఎవర్ని బావగారని పిలుస్తాడో ఆ పిల్లకి తెలుసు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మణి వెనక నుంచి వచ్చి కూతురి భుజం పట్టుకుని, "చెప్పవే, అడుగుతున్నారు కదా" అంది, తనూ ఏడుస్తూ.

చివరికి అబిగేల్ ఇంగ్లీషులో చెప్పింది.

"పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందాం అంటున్నారు అంకుల్."

ఆయన అన్నది అది కాదు. ఆ మాత్రం ఇంగ్లీషు దైవాశీర్వాదానికి వచ్చు. కూతురి వైపు చూశాడు, క్లైడ్ వైపు చూశాడు. అవును, అదే అడిగాను అన్నట్టు తలూపాడు.