ఒక్క జాయింటు కాదు

గొట్టంలోంచి ముందు రెండు చేతులు వచ్చాయి. వాటి వెనక తల వచ్చింది. అది తల అని పోల్చుకోవడానికి గుంతలో ఉన్నవాళ్లకు కాసేపు పట్టింది. జుట్టేదో, నుదురేదో, కనుబొమలేవో తెలియకుండా ఒకే నల్లటి జిగురు అంటుకుని ఉంది. ఆ జిగురులో రెండు కళ్లు తెరుచుకున్నాయి.

"చిన్నాన్నా!" అంటూ సబ్బక్క ఉరికింది.

ఆయన ఆమె భుజం పట్టుకుని లేవబోయి, లేవలేక, గుంత గోడకు చేయి ఆనించి వాంతి చేసుకున్నాడు. కడుపులో ఏమీ మిగలకపోయినా వాంతి ఆగలేదు. నోట్లోకి పోయిన మురుగును ఉమ్మేద్దామంటే ఉమ్మి కూడా రావడం లేదు.

పైన గుంత అంచున కాంట్రాక్టరు నిలబడి ఉన్నాడు. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"గుడ్డలన్నీ కుక్కాడా?" అని మేస్త్రీని అడిగాడు.

"కుక్కాడండి. పైన సిమెంటు కూడా మెత్తాడు."

"సరే. నిచ్చెనెక్కి ఇటువైపు రావద్దని చెప్పు. కారు ఇక్కడుంది."

సబ్బక్క తల పైకెత్తి చూసింది. ఆ రుమాలు ఇస్త్రీ మడతలు కూడా చెదరకుండా తెల్లగా ఉంది. ఆమె బతుకులో చాలా కంపు చూసింది. కానీ ఆ తెల్లటి రుమాలును చూసినప్పుడు పుట్టినంత రోత ఆమెకు ఎప్పుడూ పుట్టలేదు.

ఆ ఊరి వీధుల కింద కొత్త మురుగు లైను వేస్తున్నారు. రోడ్డు పొడవునా తవ్వకుండా ఒకచోట లోతైన గుంత తీసి, అందులోంచి మట్టిని తొలుచుకుంటూ పోయే యంత్రాన్ని పంపి, దాని వెనక సిమెంటు గొట్టాలను ఒకదాని తరవాత ఒకటి పెద్ద పెద్ద జాకీలతో నెట్టుకుంటూ పోవడమే ఆ పని. మనిషి పాకి వెళ్లేంత గొట్టాలవి. ఒక గొట్టం తోక ఇంకో గొట్టం మూతిలో దూరే చోట రబ్బరు రింగు ఉంటుంది. ఆ రింగు ముడతపడకుండా కూర్చుంటేనే లోపలి మురుగు లోపల ఉంటుంది. మూతిని శుభ్రంగా తుడిచి, రింగు తొడిగి, జారడానికి సబ్బు ముద్ద పూసే పని ఈమెది. అందుకే ఆమె అందరికీ సబ్బక్క అయింది. ఆమెను ఈ పనిలోకి తెచ్చింది చిన్నాన్న. తండ్రి పోయాక పెంచిందీ ఆయనే. జాకీలు నడిపేది ఆమె అక్క మొగుడు.

మొదట్లో పని పద్ధతిగానే జరిగింది. రెండు గొట్టాల అంచులు ఒరుసుకుని పగలకుండా మధ్యన చెక్క పట్టీ పెట్టేవాళ్లు. కొత్త రింగు తొడిగేవాళ్లు. ప్రతి జాయింటుకూ గాలి పెట్టి, నిలిచిందని చూశాకే నెట్టేవాళ్లు. తరవాత పైనుంచి తొందర మొదలైంది. పెద్దవాళ్లెవరో వచ్చి రిబ్బను కత్తిరిస్తారట. ముందు గాలి పరీక్ష పోయింది. ఆ వెనకే చెక్క పట్టీలు పోయాయి. చివరికి కొత్త రింగులు రావడమూ ఆగిపోయి, వేరే పనిలో ఎండలో పడి ఎండిన పాత రింగులు వచ్చాయి. వంచితే బీటలిచ్చేవి. ఈ సంగతి గుంతలో అందరికీ తెలుసు. ఇంజనీరుకు ఇంకా బాగా తెలుసు. మొదటి రోజు వాళ్లకు ఇదంతా నేర్పిందే ఆయన. ఇప్పుడు గుంత దగ్గరికి వస్తే రింగుల కుప్ప వైపు వీపు పెట్టి నిలబడుతున్నాడు.

అక్కడి నేలంతా ఎప్పుడో పగిలిన పాత మురుగు కాలువ నీళ్లు ఇంకి ఉంది. ఆ కుళ్లు నీళ్లు కొత్త గొట్టాల అతుకుల్లోంచి లోపలికి కారాయి. అధికారులు చూడటానికి వస్తున్నారని చిన్నాన్నను లోపలికి పంపారు. లోపలికి గాలి కొట్టే మర పెట్టలేదు, నడుముకు తాడు కట్టలేదు. గోనెగుడ్డలు కుక్కి సిమెంటు మెత్తించారు. అధికారులు వచ్చారు, టార్చి వేసి మూతిలోంచి తొంగిచూశారు, వెళ్లారు.

భోజనాల వేళ రేకుల షెడ్డులో ఎవరికీ ముద్ద దిగలేదు. చిన్నాన్న మూలన పడుకుని దగ్గుతున్నాడు. ఎంత కడిగినా ఆయన చెవుల్లోంచి ఆ కంపు పోలేదు.

"మళ్లీ ఎవరినీ లోపలికి పంపనివ్వకూడదు. ఆ ఎండు రింగులు కూడా నేనిక తొడగను" అంది సబ్బక్క.

"తొడగకపోతే ఇంకొకరు తొడుగుతారు," అన్నాడు బావ. "నీకేంటమ్మా, ఒంటి మనిషివి. మీ అక్క నీళ్లోసుకుంది. నేను ఇంటికెళ్లి ఏం చెప్పమంటావు? మరదలు మాటకి జాకీ ఆపేసి వచ్చానని చెప్పనా?"

"ఆ లైను ఎవరి వీధి కింద పోతోంది బావా? మన వీధి కిందేగా. మంచినీళ్ల పైపు దాని పక్కనే ఉంది."

"పైన చదువుకున్నవాళ్లు లేరా? వాళ్లు చూసుకుంటారు."

"వాళ్ల వీధి కాదుగా," అన్నాడు చిన్నాన్న మూలనుంచి. అంత మాటకే ఆయాసం వచ్చింది.

మేస్త్రీ ఈల వేశాడు. అందరూ లేచి గుంతలోకి దిగారు. సబ్బక్క కూడా దిగింది. ఎండు రింగే తొడిగింది. తొడుగుతుంటే తన చేతులు తనవి కానట్టు అనిపించింది.

రిబ్బను కత్తిరించారు. మురుగు వదిలారు. యంత్రాన్ని అదే గుంతలోంచి రెండో వైపుకు తిప్పి మళ్లీ నెట్టడం మొదలుపెట్టారు.

కొద్దిరోజులకే వీధి కుళాయిల్లో నీళ్లు రంగు మారాయి. ముందు టీ డికాక్షన్‌లా వచ్చాయి. తరవాత బిందె అడుగున నల్లటి తెట్టు కట్టింది. వాసన చూసిన ఆడవాళ్లు బిందెలు అక్కడే ఒలకబోశారు. ఒలకబోసినా మళ్లీ పట్టుకోక తప్పలేదు, వేరే నీళ్లు లేవు. వీధిలో ఇంటికొకరు కడుపు పట్టుకుని పడుకున్నారు. నీళ్ల ఆఫీసు మనిషి వచ్చి, గ్లాసు మూతి దాకా తెచ్చి, మొహం తిప్పుకుని, "మరగబెట్టి తాగండి" అని చెప్పి పోయాడు. కాంట్రాక్టరును అడిగితే, "వాళ్ల ఇళ్లే అంత. శుభ్రం తెలియని జనం" అన్నాడు.

సబ్బక్క అక్కకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రి వరండాలో నేల మీద పడుకోబెట్టారు. సెలైను సీసా బావే చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. చేతులు మారుద్దామని సబ్బక్క వస్తే ఇవ్వలేదు. అక్క బతికింది. కడుపులో బిడ్డ బతకలేదు. బావ ఏడవలేదు. మర్నాడు పనికి వచ్చి జాకీ మీట దగ్గర కూర్చున్నాడు గానీ, చేయి దాని మీద వేయలేదు.

అదే పొద్దున వీధి జనం గుంత మీదికి వచ్చారు. ముందు కుట్టు మిషనామె ఉంది. వీధి మలుపులో బట్టలు కుట్టే మనిషి, నోరున్న మనిషి. ఆమె చేతిలో బిందె, వెనక మూడు వీధుల జనం.

"ఒరేయ్, పైకి రండిరా!" అని గుంతలోకి అరిచింది. "ఊరికి పియ్యి తాగించే పని చేసి కూలి తీసుకుంటారా? అన్నం ఎలా అరుగుతోందిరా మీకు?"

పైనుంచి మట్టిగడ్డలు పడ్డాయి. ఒకటి బావ చెంపకు తగిలింది. ఆయన కదల్లేదు. మేస్త్రీ సందు దొరికిందని, "చూడండమ్మా, మేము సరిగ్గానే చెప్పాం, పనివాళ్లే సరిగ్గా చేయరు" అన్నాడు.

ఆ మాటతో సబ్బక్క నిచ్చెనెక్కింది. షెడ్డు ముందున్న కుప్పలోంచి ఒక రింగు లాగి కుట్టు మిషనామె చేతిలో పెట్టింది.

"వంచి చూడు పిన్నీ."

ఆమె వంచింది. ఎండిన రబ్బరు బీటలు బీటలుగా విచ్చింది.

"ఇదే తొడగమన్నారు. తొడిగాం. వద్దన్న నోరు గట్టిగా లేవలేదు. ఆ తిట్టు పడాల్సిందే, పడతాం. మా అక్క కూడా ఆ నీళ్లే తాగింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. తిట్టడం అయ్యాక ఇక్కడే కూర్చోండి. మేమూ కూర్చుంటాం."

కుట్టు మిషనామె రింగును చూసింది, ఆమెను చూసింది. మేస్త్రీ వైపు తిరిగి, "పనివాళ్లు సరిగ్గా చేయరా? నువ్వు దిగి చెయ్యరా అయితే" అంది. జనం నవ్వారు, నవ్వుతూనే కూర్చున్నారు.

కింద బావ జాకీ మీట వెనక్కి తిప్పి, మోటారు కట్టేసి, పైకి వచ్చాడు.

కాంట్రాక్టరు దేనికైనా ఓర్చుకుంటాడు గానీ జాకీ ఆగడానికి ఓర్చుకోలేడు. కదిలే గొట్టానికి మట్టి దారిస్తుంది. ఆగిన గొట్టాన్ని పట్టేస్తుంది. ఎంత ఆగితే అంత బిగుస్తుంది. ఆ తరవాత ఎన్ని జాకీలు పెట్టినా రాదు, యంత్రంతో సహా భూమిలోనే సమాధి. అందుకే కారు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఆ వెనకే లారీలో, ఊళ్లో ఇంకోచోట అతనే తవ్విస్తున్న రెండో గుంత పనివాళ్లు వచ్చారు. వీళ్ల బదులు నెట్టడానికి తెప్పించాడు.

"ఏం కావాలి మీకు?" అన్నాడు కాంట్రాక్టరు.

"కొత్త రింగులు, చెక్క పట్టీలు. ప్రతి జాయింటుకీ జనం ముందు గాలి పరీక్ష. మురుగు వదిలిన వైపు తవ్వి బాగుచేయాలి. మనిషిని గొట్టంలోకి గుడ్డలు కుక్కడానికి పంపకూడదు," అంది సబ్బక్క.

కాంట్రాక్టరు ఇంజనీరుతో గుసగుసలాడి, నవ్వు మొహం పెట్టాడు. "పరీక్షేగా? చేసి చూపిస్తాం. అందరూ చూడండి. నిలిస్తే లేచి వెళ్లిపోవాలి."

కారులోంచి కొత్త రింగు ఒకటి వచ్చింది. మెత్తగా, నల్లగా నిగనిగలాడుతోంది. చివరి గొట్టానికి చెక్క పట్టీ పెట్టారు, రింగు తొడిగించారు. దుమ్ము పట్టిన గాలి పరికరాన్ని షెడ్డులోంచి తీశారు. అతుకుకు అటూ ఇటూ ఉబ్బి బిగుసుకునే ఇనుప చట్రం అది. మధ్య సందులోకి గాలి పోతుంది. గాలి ఎంతుందో చూపే సూది గుంత పైన అందరికీ కనపడేలా పెట్టారు. గాలి ఎక్కించారు. సూది లేచి నిలబడింది. నిలబడే ఉంది.

"చూశారా!" కాంట్రాక్టరు చప్పట్లు కొట్టాడు. మేస్త్రీ కొట్టాడు. జనంలో కొందరు లేవబోయారు.

"కూర్చోండి," అంది సబ్బక్క. "మంచి రింగు పెడితే మంచి జాయింటే అవుతుంది. అది మాకు తెలియందా? దీని వెనకదానికి, మొన్న పాత రింగుతో వేసినదానికి గాలి పెట్టండి."

"చేసి చూపిస్తామన్నాం, చూపించాం."

"ఒక్కటి కాదు. వెనకది."

"వెనకది!" అంది కుట్టు మిషనామె. "వెనకది! వెనకది!" అని మూడు వీధులూ అందుకున్నాయి. లారీ పనివాళ్లు దిగకుండా అలాగే చూస్తున్నారు.

"లోపలికి ఎవరు పోతారు? మీరేగా మనిషిని పంపకూడదన్నది?" అని కాంట్రాక్టరు వెటకారంగా నవ్వాడు.

"గుడ్డలు కుక్కడానికి పోకూడదన్నాం," అన్నాడు చిన్నాన్న. మంచం దిగి ఎప్పుడొచ్చాడో, జనం మధ్యలోంచి లేచాడు. "పరీక్షకి నేను పోతా."

"వద్దు చిన్నాన్నా. నీకు ఊపిరే ఆడట్లేదు."

"అప్పుడు వాడి కోసం పోయానమ్మా. ఆ రోత ఇంకా గొంతులోనే ఉంది. ఇప్పుడు నా కోసం పోనీ."

ఈసారి ఆయన్ని అలా వదల్లేదు. గాలి మర పెట్టి గొట్టమంతా గాలి ఆడించారు. నడుముకు తాడు కట్టి, రెండో కొస బావ తన నడుముకు కట్టుకున్నాడు. సబ్బక్క పరికరం వెనక నుంచి నెడుతూ ఆయన వెంటే పాకింది. ఇద్దరూ చట్రాన్ని వెనక అతుకు దగ్గర బిగించి బయటికి వచ్చారు.

గాలి ఎక్కించారు. సూది లేవలేదు. ఇంకా ఎక్కించారు. కొంచెం కదిలి పడిపోయింది. గొట్టంలోంచి బుసబుస చప్పుడు గుంత పైదాకా వినిపించింది. ఆ వెంటే నేలలోని కుళ్లు కంపు పైకి తన్నుకొచ్చింది. ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. ఇంజనీరు రోడ్డు పక్కకు పోయి నిలబడ్డాడు.

లారీలో ఒకడు, రెండో గుంతలో రింగులు తొడిగేవాడు, చేతులు లుంగీకి తుడుచుకుని, "మా దగ్గరా ఇవే రింగులు" అన్నాడు.

ఆ లారీలోంచి ఒక్కరూ దిగలేదు. డ్రైవరు బండి వెనక్కి తిప్పాడు. కాంట్రాక్టరు దాని వెంట పరుగెత్తుతూ చేసిన ఫోనుకు పోలీసులు వచ్చారు.

ఎవరు తప్పు చేశారని వాళ్లు అడగలేదు. ఎవరు కూర్చున్నారని చూశారు. లాఠీలు లేచాయి. బిందెలు సొట్టలు పోయాయి. సబ్బక్కను జుట్టు పట్టి లేపారు. చిన్నాన్నను ఇద్దరు ఎత్తుకుపోయారు. తాడు ఇంకా నడుముకు ఉండటంతో ఆయన వెంట బావ కూడా వ్యానులోకి పోక తప్పలేదు. కుట్టు మిషనామెను ఎవరూ పిలవలేదు. "నన్నొదిలేసి పోతారా?" అని తనే ఎక్కింది. కిందున్న జనం మళ్లీ గుంత అంచున కూర్చుంటున్నారు. చెదిరినవాళ్లు సందుల్లోంచి తిరిగి వస్తున్నారు.

వ్యాను కదిలింది. చిన్నాన్న ఒంటి మీద, సబ్బక్క ఒంటి మీద గొట్టం బురద ఆరలేదు. ముందు సీట్లో పోలీసు అధికారి ముక్కు మూసుకుని కిటికీ అద్దం దించాడు.

"ఆ కంపు మాది కాదు సార్," అంది సబ్బక్క. "మీ ఇంటి కిందికీ ఈ లైనే వస్తుంది."

అధికారి జవాబు చెప్పేలోపు ఆయన చేతిలోని వాకీటాకీ గరగరమంది.

"సార్, రెండో గుంత దగ్గర కూడా జాకీలు ఆపేశారు సార్. ప్రతి జాయింటుకీ గాలి పెట్టి చూపిస్తేనే నెడతామంటున్నారు. చుట్టుపక్కల జనం కూడా వచ్చి కూర్చున్నారు. వ్యాను పంపండి సార్."

"ఉన్నదొక్కటే వ్యానయ్యా. నిండిపోయింది."

"నిండలేదు సార్, రమ్మనండి," అంది కుట్టు మిషనామె. బావను మోచేత్తో పొడిచి, "జరుగు బాబూ. చాలామంది వస్తున్నారు" అంది.

నలుగురూ జరిగి కూర్చున్నారు.