సరి పేజీల తోడేలు

నా తోడికోడలు గీసే తోడేలంటే నాకు కుళ్లు. ఈ మాట దాచుకోవడం దండగ. మా కామిక్స్ చదివినవాళ్లకు ఈపాటికే తెలిసిపోయి ఉండాలి. తెలియలేదంటే వాళ్లకు కథ అర్థం కాలేదన్నమాట. ఆ మాటకొస్తే ఎవరికీ అర్థం కాలేదు.

మా ఆయనా, వాళ్లన్నయ్యా కలిసి నడిపే జిరాక్స్ కొట్టు వెనక గదిలో మేమిద్దరం ఈ పుస్తకం వేస్తుంటాం. పగలంతా మనిషిగా ఉండి, పున్నమి నాడు తోడేలైపోయే ఒక తాళాలు బాగుచేసేవాడి కథ. మనుషులను నేను గీస్తాను, తోడేలును అక్క గీస్తుంది. అక్కంటే మా బావగారి భార్య. బేసి పేజీలు నావి, సరి పేజీలు ఆవిడవి. ఒకరి పేజీ మీద ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాం. అదే మా కొంప ముంచింది.

ఎందుకంటే చదివినవాళ్లంతా తోడేలునే నెత్తిన పెట్టుకున్నారు. ఆ జూలట, ఆ నడకట, ఆ చూపట. రాత్రి ఏం చేశాడో గుర్తులేని మనిషి పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎంత అవస్థ పడతాడో నేను పేజీ నిండా గీస్తే, దాని ఊసెత్తినవాడు లేడు. నాకు ఒళ్లు మండింది. తరవాతి సంచికలో చందమామకు మబ్బు కప్పేశాను. పున్నమే లేకపోతే తోడేలు ఎక్కణ్నుంచి వస్తుందో చూద్దామనుకున్నాను. అక్క ఏమీ ఎరగనట్టు పక్క పేజీలో మిట్టమధ్యాహ్నం బజారులోకి తోడేలును దింపింది. నేను తాళాలవాణ్ని గదిలో పెట్టి తాళం వేశాను. ఆవిడ తోడేలును ఆ ఇంటి కప్పు మీద కూర్చోబెట్టింది. ఉక్రోషం పట్టలేక, తోడేలు చచ్చిపోయిందని వాడి తల్లి చేత చెప్పించాను. అక్క రెండు తోడేళ్లను గీసింది.

పాఠకులు తలలు పట్టుకున్నారు. అయినా చదవడం మానలేదు, అదే వింత. మనిషి వేరు, తోడేలు వేరు అని ఒకాయన పెద్ద వ్యాసమే రాశాడు. అసలు తోడేలు ఆ తల్లేనని ఇంకొకావిడ తేల్చేసింది. అన్నిటికన్నా వాళ్లను ఆశ్చర్యపరిచింది మరొకటుంది. ఇలాంటి కథల్లో ఎవరైనా ముందు వెతికేది మనిషి తోడేలుగా మారే పేజీ. మా పుస్తకంలో అది ఒక్కసారి కూడా రాలేదు. అలా రాకపోవడంలో ఎంతో లోతుందన్నారు. లోతూ లేదు, పాడూ లేదు. ఆ పేజీ ఎవరు గీయాలో మాకు తేలలేదు, అంతే. మొదలు మనిషి కాబట్టి నాదన్నాను. చివరికి తోడేలే కాబట్టి తనదంది. నేను తోడేలును గీస్తే తడిసిన మేకలా ఉంటుంది. ఆవిడ మనిషి చెయ్యి గీస్తే వేళ్లకు బదులు అరటిపళ్లు మొలుస్తాయి. అది ఇద్దరికీ తెలుసు. అయినా పంతం పంతమే.

ఇలా ఉండగా, చిన్న పుస్తకాలవాళ్లంతా బల్లలు వేసుకుని అమ్ముకునే చోట ఒక పళ్ల డాక్టరమ్మ తగిలింది. ఆవిడా తోడేలు కథలే రాస్తుందట, బొమ్మలకు మనిషి కావాలట. మా పుస్తకం తిరగేసి, కోరల వెనక పళ్లు కూడా ఉండాల్సిన చోటే ఉన్నాయని, ఏ తోడేలు నోట్లోనూ ఇంత శ్రద్ధ చూడలేదని అక్కతో అంది. అక్క ముఖం వెలిగిపోయింది. నేను ఈ ఇంటి కోడలినైన దగ్గర్నుంచీ ఆ ముఖం అంతగా వెలగడం చూడలేదు. నా తాళాలవాడి గురించి డాక్టరమ్మ ఒక్క ముక్క అనలేదు. వాడు ఎప్పుడూ నోరు మూసుకునే ఉంటాడు మరి.

అప్పట్నుంచి అక్క మధ్యాహ్నాలు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. మా కొత్త సంచికలో నా బేసి పేజీలన్నీ అయిపోయాయి, సరి పేజీలు తెల్లగానే ఉన్నాయి. అడిగితే చూద్దాంలే అంది. పోతే పోయింది, పీడ విరగడైందని మా ఆయనతో అన్నాను. ఆ తెల్లకాగితాలు కూడా మనుషులతోనే నింపుదామని కూర్చున్నాను. తాళాలవాడు లేచాడు, ముఖం కడుక్కున్నాడు, కొట్టు తెరిచాడు. అడ్డం పడే తోడేలు లేకపోయేసరికి వాడికి చేయడానికి పనే దొరకలేదు.

డాక్టరమ్మ పుస్తకం అచ్చుకు మా కొట్టుకే వచ్చింది. మడతలు పెట్టి పిన్నులు కొట్టే పని నాది. సరిగ్గా మధ్యలో, పిన్ను దిగే చోట, మనిషి తోడేలుగా మారే పేజీ ఉంది. మొత్తం అక్కే గీసింది. మేం అన్నాళ్లు కొట్టుకుని, ఒకరికొకరం ఇచ్చుకోకుండా దాచుకున్న పేజీని తీసుకెళ్లి ఎవరో పళ్లు పీకే మనిషికి ఇచ్చేసింది. ఇన్నాళ్లూ అక్కను చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు ఆ డాక్టరమ్మను చూసి కుళ్లుకున్నాను. ఇదే ఎక్కువ నొప్పిగా ఉంది.

రెండోసారి చూస్తే గానీ గమనించలేదు. ఆ మనిషి తోడేలైపోతున్నంతసేపూ చేతులు జేబుల్లోనే పెట్టుకున్నాడు. పుస్తకమంతా తిరగేశాను. ఒకడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు, ఒకడు బల్ల కింద పెట్టుకున్నాడు. చెయ్యి కనబడే మనిషి ఒక్కడూ లేడు.

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పిన్నులు పక్కన పెట్టి, తెల్లగా ఉన్న ఒక సరి పేజీ తీసుకున్నాను. పై సగంలో తాళాలవాడి రెండు చేతులూ గీశాను, వేళ్లు విచ్చుకుంటూ, ఇంకా మనిషివే. కింది సగం వదిలేశాను. మేడమీదికి వెళ్లి అక్క ముందు పెట్టాను.

అక్క ముందు మూలనున్న పేజీ అంకె చూసింది.

"ఇది సరి పేజీ కదే," అంది.

"తెలుసు. సగమే తీసుకున్నాను."

"డాక్టరమ్మకు ఇంకో పుస్తకం కూడా ఒప్పుకున్నాను. ఆవిడదీ గీస్తాను, నీకు ముందే చెప్తున్నా."

"మరి వాళ్ల మనుషుల చేతులో?"

"జేబుల్లోనే ఉంటాయి," అంది అక్క. "నీ చేతులు నాకెక్కడొస్తాయి?"

నాలుగు రోజులకు ఆ కాగితం నా బల్ల మీదికి తిరిగొచ్చింది. నా వేళ్ల చివర్ల నుంచే గోళ్లు లేచి, ముంగాళ్లయి, ఆ కాళ్ల వెనక తోడేలు మొత్తం ఒళ్లు విరుచుకుని నిలబడింది. అతుకు ఎక్కడుందో నేనే పట్టుకోలేకపోయాను. పైగా నా బొటనవేలు ఒకటి చెరిపేసి, మళ్లీ గీసింది. ఒట్టు గిట్టు ఏమీ లేదు. గీసింది అరటిపండు కాదు, వేలే. నేను గీసిన వేళ్లను పక్కన పెట్టుకుని సాధన చేసి ఉంటుంది.

ఆ తోడేలు ఎంత బాగుందంటే, నా కడుపు భగ్గున మండింది. ఎన్నాళ్లకో. కుర్చీ లాక్కుని కూర్చుని, తరవాతి బేసి పేజీలో తాళాలవాడి తల్లి చేతికి ఒక పెద్ద వల ఇచ్చాను.