బంతులు కావు, రేకులు

అన్నను పనిలోంచి తీసేశారని చెల్లెలికి తెలిసేసరికి మధ్యాహ్నమైంది. రంగుల తయారీకి రాతిపొడి పంపే ఆ ఫ్యాక్టరీలో రాయిని నీళ్ళతో కలిపి నూరే మిల్లు నడిపేది అతనే. పక్కనున్న ల్యాబులో అలా నూరిన రాతి నలుసుల సైజు కొలవడం ఆమె పని. నూరింది గరుకుగా ఉందని రిపోర్టు ఇచ్చింది ఆమే.

గేటు దగ్గర అందుకుంది. అతని మొహం కందగడ్డలా ఉంది.

"పన్నెండేళ్ళుగా నూరుతున్నా. వేళ్ళ మధ్య నలిపి చూశా, వెన్నలా ఉంది. నీ సంతకంతో నా పొట్ట కొట్టావు కదే!"

"మెషీన్ చెప్పిందే రాశాను అన్నయ్యా."

"అయితే దాన్నే అన్నయ్యా అని పిలుచుకో!" అని విసవిసా వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ల్యాబుకొచ్చి మిల్లులో నూరిన ఆ రాతినీళ్ళ చుక్క ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఇదివరకు కనిపించే గుండ్రటి గింజలు లేవు. చేప పొలుసుల్లాంటి పల్చటి రేకులు! స్టోరులో అడిగితే, నెల క్రితం క్వారీ మారిందన్నారు. కొత్త రాయి పొరలుగా విరుగుతోంది. మెషీన్ మాత్రం నీళ్ళలోకి వెలుగు పంపి, ప్రతి నలుసూ బంతే అనుకుని లెక్క కడుతుంది. వెడల్పుగా తిరిగిన రేకు దానికి పెద్ద బంతే.

అవే నీళ్ళు పొడుగాటి గాజు జాడీలో పోసి, నలుసులు అడుగుకు దిగే వేగం కొలిచింది. రేకులు తేలుతూ, ఊగుతూ నింపాదిగా దిగాయి. ఆ లెక్కలో సైజు సగానికి సగం తగ్గింది.

మెషీన్ లెక్కా, జాడీ లెక్కా, రెండు కాగితాలూ మేనేజరు బల్లమీద విసిరినట్టే పెట్టింది.

"ఇందులో ఏది నిజం?" అన్నాడాయన.

"రెండూ బంతులనుకుని వేసిన లెక్కలే సార్. ఇవి బంతులు కావు. మైక్రోస్కోపులో మీరే చూడండి."

ఆయన ల్యాబుకొచ్చి చూశాడు. "సరే, మెషీన్ పాడైందని రాసెయ్. మీ అన్నను రమ్మను."

"మెషీన్ బాగానే ఉంది," అందామె. "రాయి మారిందని ల్యాబుకు చెప్పనిది మీరు. కళ్ళతో చూడకుండా సంతకం పెట్టింది నేను. అదే రాస్తాను."

అదే రాసింది. ఆయన పళ్ళు నూరుతూ కింద సంతకం పెట్టాడు. క్షమాపణ మాట మాత్రం ఆయన నోట రాలేదు.

మూడోరోజు అన్న మిల్లు దగ్గర కనిపించాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆమెవైపు తిరక్కుండానే విన్నాడు.

"రేకులో బంతులో నాకేం తెలుసు! సంతకం పెట్టేముందు నా దగ్గరికి ఒక్కసారి రావాల్సింది. పది అడుగులేగా దూరం."

అతను మిల్లు ఆన్ చేశాడు.