ఏడవకూడని వానాకాలం

శ్రావణంలో ఆ తీరాన ఎవరూ సముద్రం మీదికి వెళ్ళరు. శాణూ కూడా వెళ్ళలేదు. శాపోరా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, మోకాటి లోతు నీళ్ళలో విసురువల వెయ్యడానికి పోయాడు. సాయంత్రమైనా తిరిగి రాలేదు. మర్నాడు కుండపోత వానలో అతని తల్లి ఆవడి, పెళ్ళాం శేవంతి, ఆల్చిప్పలు ఏరుకునేవాళ్ళలా బుట్టలు పట్టుకుని రాళ్ళ వెంట వెతుక్కుంటూ వెళ్ళారు. మొగకి ఇవతల రెండు బండల సందులో బోర్లాపడి కనిపించాడు. వల తాడు ఇంకా మణికట్టుకి చుట్టుకునే ఉంది.

ఆవడి నోరు తెరిచింది. గొంతులోంచి కేక వచ్చేలోపే శేవంతి తడి కొంగు ఉండచుట్టి అత్త నోట్లో కుక్కింది.

“అరిచావంటే పిల్ల పోద్ది మాయీ,” అంది చెవిలో. “ఈయన ఎలాగూ పోయాడు. పునవనైనా ఉంచుకుందాం.”

ఆవడి ఊపిరాడక గింజుకుంది. అత్త ఒళ్ళు మెత్తబడేదాకా కోడలు కొంగు తియ్యలేదు.

శేవంతిది ఉత్తి భయం కాదు. పోర్చుగీసులు సాంతెరి అమ్మవారి గుడి పడగొట్టి ఆ రాళ్ళతోనే చర్చి కట్టాక, ఊరూరా డప్పు వేయించారు. క్రైస్తవులు కానివాళ్ళ ఇంట తండ్రి చనిపోతే ఆ బిడ్డ పోర్చుగల్ రాజుగారి బిడ్డ. తల్లి ఉన్నా లెక్కలోకి రాదు. పాద్రి ఆ బిడ్డను తీసుకుని, తలమీద నీళ్ళు పోసి, కొత్త పేరు పెట్టి, క్రైస్తవుల ఇంట పెంచడానికి ఇస్తాడు. ఆ ఎండాకాలంలోనే ఉప్పుమళ్ళ దగ్గర గోయిందు చచ్చిపోతే, చితి ఆరకముందే అతని పిల్లల్ని పట్టుకుపోయారు. తల్లి గడప పట్టుకుని వదలకపోతే సిపాయి ఆమె వేళ్ళ మీద కాలు వేసి తొక్కాడు. శాణూ కూతురు పునవ ఇంకా పాలపళ్ళు ఊడుతున్న పిల్ల.

అత్తాకోడళ్ళిద్దరూ శాణూని పడవల పాకలోకి ఈడ్చుకొచ్చారు. తగలెయ్యడానికి లేదు, కట్టెలన్నీ తడిసి ఉన్నాయి, పొడిగా ఉన్నా పొగ ఊరంతటికీ కనపడుతుంది. బోర్లించిన పడవ కింద ఇసకలో శేవంతి తెడ్డుతో గుంట తవ్వింది. నీళ్ళు ఊరుతుంటే బుట్టతో తోడిపోసింది. శవానికి స్నానం లేదు, నోట్లో బియ్యం లేదు. ఆవడి కొడుకు పాదాలు పట్టుకుని కూర్చుంటే “జరుగు” అని ఇసక లాగింది. అంతా అయ్యాక వానలోనే చేతులు కడుక్కుని, నడుముకి దోపుకున్న భరిణె తీసి చెదిరిన కుంకుమ సరిచేసుకుంది. తిరిగి వచ్చే దారిలో కాసిని ఆల్చిప్పలు ఏరి బుట్టలో వేసింది, ఖాళీ బుట్టలతో వస్తే ఎవరైనా అడుగుతారని.

ఆ ఆల్చిప్పల్ని చూసినప్పుడే ఆవడికి కోడలి మీద అసహ్యం పుట్టింది.

ఊళ్ళో ఎవరడిగినా ఒకటే మాట చెప్పాలనుకున్నారు. శాణూ నది దాటి పెడణె వైపు, బావమరిది ఊరికి పడవ పనికి పోయాడు. నది అవతల పోర్చుగీసుల మాట చెల్లదు, అది సుల్తాను నేల. శేవంతి అన్న నిజంగానే అక్కడ ఉన్నాడు. వరద తగ్గగానే దోనె వేసుకుని రమ్మని కూరగాయలమ్మే మనిషి చేత అతనికి కబురు పెట్టింది. అప్పటిదాకా ఓర్చుకుంటే పిల్లతో సహా గట్టెక్కుతారు.

ఆ ఓర్చుకోవడమే ఆవడి వల్ల కాలేదు. కోడలు రోజూ పొద్దున్నే తల దువ్వుకుని జడలో కనకాంబరాలు తురుముకునేది. సంతలో ఎండుచేపలు అమ్ముతూ పక్కవాళ్ళతో పరాచికాలాడేది. ఆ నవ్వు వీధి చివరి నుంచి వినపడితే ఆవడి చెవులు మూసుకునేది. పునవ నాయనమ్మ దగ్గరికి వచ్చి “బాబా ఎప్పుడొస్తాడు ఆజీ?” అని తండ్రి గురించి అడిగితే “పడవ పనయ్యాక” అని చెప్పి గబగబా రుబ్బురోలు దగ్గరికి పోయేది. పొత్రం తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడులో సన్నగా మూలిగేది. ఒకసారి శేవంతి అది కూడా పసిగట్టి పొత్రం లాగి పక్కన పడేసింది.

పక్కిల్లు దొమింగ్‌ది. ఆవడి చెల్లెలి కొడుకు, పాత పేరు పుండలీక్. నీళ్ళు పోయించుకున్నాక చర్చిలో గంట కొట్టే పని దొరికింది. ఊళ్ళో ఎవరింట ఏం జరుగుతోందో పాద్రి చెవిన వెయ్యడం కూడా ఆ పనిలో భాగమే. అతనికీ అతని పెళ్ళాం కాతరీన్‌కీ పిల్లల్లేరు. ఒక మధ్యాహ్నం వచ్చి, వసారాలో గొంతుక్కూర్చున్నాడు.

“మావశీ, శాణూ పడవ పాకలోనే ఉందే. నది ఎలా దాటాడు, ఈదుకుంటూనా?”

ఆవడి నోరు విప్పకముందే పొయ్యి దగ్గర్నుంచి శేవంతి అందుకుంది. “ఉప్పు పడవెక్కి పోయాడు.”

“వరదలో ఉప్పు పడవా?”

“వరద రాకముందే. నీకు చెప్పకుండా ఊళ్ళో చీమ కూడా కదలకూడదా ఏంటి బావా?”

దొమింగ్ నవ్వాడు. కళ్ళు మాత్రం పొయ్యి మీదే ఉన్నాయి. చావు జరిగిన ఇంట్లో మైల తీరేదాకా చేప వండరని అతనికి తెలుసు. పేరు మారింది గానీ పుట్టింది ఆ వాడలోనే.

“మావశి చిక్కిపోయిందే. చేపా గీపా తింటున్నావా లేదా?”

శేవంతి లేచి, పెనం మీద వేగుతున్న బంగుడా చేప తీసి అత్త కంచంలో వేసింది. “తిను మాయీ. రేపు నీ కొడుకొచ్చి మా అమ్మని మాడ్చావేమే అంటే నేనేం చెప్పుకోను?”

ఆవడి చేప చీల్చింది. ముక్క నోట్లో పెట్టుకుంది. అది నాలుక మీద ఇసకలా గరగరలాడింది. మింగేదాకా దొమింగ్ ఆమె గొంతుకే చూస్తూ కూర్చున్నాడు. రెండో ముక్క, మూడో ముక్క.

“మా అత్త ముళ్ళు కూడా వదలదు,” అని శేవంతి పకపకా నవ్వింది.

అతను వెళ్ళాక ఆవడి పెరట్లోకి పరిగెత్తి అంతా కక్కేసింది. శేవంతి చెంబుతో నీళ్ళు తెచ్చి, అత్త మొహం మీద కాదు, కక్కిన చోట పోసింది.

“వాడు నీ మొగుడు కాదటే?” అంది ఆవడి వగరుస్తూ. “నీకు ఏడుపే రాదా? రాయి పుట్టాల్సిన చోట పుట్టావే నువ్వు.”

“పెడణెలో ఏడుస్తాను,” అంది శేవంతి. “ఆ ఒడ్డున కాలు పెట్టనీ, అప్పుడు చూద్దువుగాని. ఈలోగా నీ వల్ల పిల్ల పోయిందో, నిన్ను కూడా ఆ పడవ కిందే పెడతాను.”

ఉత్తినే అన్న మాట కాదని ఆవడికి అర్థమైంది.

ఆదివారాలు చర్చిలో ప్రసంగం వినడానికి క్రైస్తవులు కానివాళ్ళు కూడా రావాలని హుకుం. రాకపోతే సిపాయిలు వచ్చి తోలుకుపోతారు. అందుకని ఇల్లంతా వెళ్ళి వెనక వరసలో నేలమీద కూర్చునేవాళ్ళు. పాద్రి ఎర్రగడ్డపు కుర్రవాడు. ఆ నేల గాలి పడక ఎప్పుడూ చలిజ్వరంతో వణుకుతుండేవాడు. గొంతెత్తి ఎవరినీ కసిరేవాడు కాదు. వాళ్ళ భాష కష్టపడి నేర్చుకుని, పుస్తకంలోంచి ఏరినట్టు ఒక్కో మాటే మాట్లాడేవాడు.

ఆ ఆదివారం చర్చిలో ముందువైపు ఒక కొత్త బొమ్మ ఉంది. ఓడలో వచ్చిందట. ఒక తల్లి కూర్చుని ఉంది. ఒడిలో చచ్చిపోయిన కొడుకు. మోకాళ్ళు మడతపడి, ఒక చెయ్యి కిందికి వేలాడుతూ ఉంది. తల్లి చెంపల మీద నీటిబొట్లు కూడా చెక్కారు.

“చూడండి,” అన్నాడు పాద్రి. “ఈ తల్లి కుమారుడు చనిపోయాడు. ఒడిలో పెట్టుకుని ఆమె దుఃఖిస్తున్నది.”

ఆవడి లేచింది. శేవంతి ఆమె కొంగు పట్టుకుంది గానీ పాతగుడ్డ, చిరిగి ముక్క చేతిలోకి వచ్చేసింది. ఆవడి జనం మధ్యలోంచి నడుచుకుంటూ బొమ్మ దాకా పోయింది. ఆ వేలాడే చెయ్యి ముట్టుకుంది.

“ఈవిడ్ని ఏడవనిచ్చారా?” అని అడిగింది.

పాద్రికి అర్థం కాలేదు. దొమింగ్ దగ్గరికొచ్చి చెప్పాడు. పాద్రి కళ్ళు చెమర్చాయి.

“ఏడవనిచ్చారు అమ్మా. ఎవరు ఆపగలరు? నువ్వు కూడా ఏడువు. ఈ ఇల్లు ఉన్నది అందుకే.”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆవడి కుప్పకూలింది. ఇన్నాళ్ళూ రోలు కింద, కొంగు కింద, చేప ముక్కల కింద అణిచిపెట్టిందంతా ఒక్కసారి పైకి లేచింది. గుండె బాదుకుంటూ, తమ వాడలో ఆడవాళ్ళు ఏడ్చే తీరునే రాగం తీసి ఏడ్చింది.

“శాణూ, నా శాణూ, నీళ్ళు పొయ్యలేదురా నీకు, బియ్యం పెట్టలేదురా, పడవ కింద ఇసకలో పూడ్చుకున్నానురా కొడకా.”

పాద్రి పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. కొడుకు పోయాక తనని అలా దగ్గరికి తీసుకున్న మనిషి అతనొక్కడే. ఏడుస్తున్నకొద్దీ ఆవడికి రొమ్ములోంచి బండ ఏదో దిగిపోతున్నట్టనిపించింది. ఆ సుఖంలోనే వెనక నుంచి దొమింగ్ మాట వినపడింది.

“పడవ కింద అంటోంది పాద్రిబాబ్. శాణూ చచ్చిపోయాడు.”

అప్పటికే శేవంతి పునవని చంకనేసుకుని గుమ్మం దగ్గరికి చేరింది. తలుపులు మూసేశారు.

సిపాయిలు పాకకి పోయి, ఇసక తవ్వి, చూసి, గుంట పూడ్చకుండానే తిరిగొచ్చారు. పిల్లని తల్లి చంక నుంచి ఊడబెరకడానికి ఇద్దరు మగవాళ్ళు కావాల్సొచ్చింది. పునవ అరుపులకి చర్చి కప్పు మీది పావురాలు లేచిపోయాయి. శేవంతి పాద్రి కాళ్ళ దగ్గర కూలబడింది.

“నా నెత్తిన కూడా పొయ్యండి ఆ నీళ్ళు. ఇద్దరికీ పొయ్యండి. ఇప్పుడే. దాన్ని నా దగ్గరుంచండి చాలు.”

పాద్రి వంగి ఆమెను లేవనెత్తబోయాడు. నిజంగానే బాధపడ్డాడు. “భయంతో అడిగిన నీరు ఆత్మకు అంటదు అమ్మా. నువ్వు అబద్ధమాడి ఒక ఆత్మను దాచావు. ముందు నేర్చుకో. బిడ్డ అంతవరకు మంచి ఇంట పెరుగుతుంది.”

ఆ మంచి ఇల్లు దొమింగ్‌ది.

శేవంతి చర్చి మెట్టుకేసి చేతులు కొట్టుకుని గాజులు పగలగొట్టుకుంది. నుదుటి బొట్టు చెరిపేసుకుంది. అప్పుడు కూడా ఏడవలేదు. నెత్తురు కారుతున్న చేతులతో అత్త ముందుకొచ్చి నిలబడింది.

“కడుపారా ఏడ్చావుగా మాయీ,” అంది. “ఇక హాయిగా ఉండు.”

వరద తగ్గాక శేవంతి అన్న దోనె వేసుకుని వచ్చాడు. పిల్లని ఎత్తుకుపోదామని శేవంతి పట్టుబట్టింది గానీ దొమింగ్ ఇంటి ముందు సిపాయి కాపలా ఉన్నాడు. ఉన్న చెల్లెలైనా దక్కాలని అన్న ఆమెను రెక్క పట్టుకుని దోనెలోకి లాక్కుపోయాడు. ఆవడి వెళ్ళలేదు. పిల్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా అంది. శేవంతి దోనెలోంచే ఆమె వైపు ఉమ్మేసింది. ఆ తర్వాత ఆమె కబురు ఈ ఒడ్డుకి రాలేదు.

పాద్రి ఆవడికి మాత్రం అడగ్గానే నీళ్ళు పోశాడు. ఆ బొమ్మ ముందు ఆమె ఏడ్చిన ఏడుపు నిజమైనదని అతని నమ్మకం. నిజమో, మనవరాలి కోసమో, ఆవడికే తెలియదు. ఆమెకి ‘అన’ అని పేరు పెట్టారు. క్రైస్తవురాలు కాబట్టి దొమింగ్ గడప తొక్కనిచ్చారు. పొద్దున్నే పోయి కాతరీన్ ఇంటి అంట్లు తోమేది, ముంగిలి ఊడ్చేది. పునవ ఇప్పుడు ఇజబెల్. మొదట్లో తల్లి కోసం ఏడ్చి అన్నం తినేది కాదు. కాతరీన్ కొబ్బరి పుల్లతో పిక్కల మీద కొట్టేది, మళ్ళీ తనే కొబ్బరి నూనె రాసి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపించేది. పిల్లకి కొట్టేదీ తినిపించేదీ ఒకే చెయ్యి అయ్యాక, ఆ చేతినే పట్టుకుంది. ప్రార్థనలు చురుగ్గా నేర్చుకుంది. ఆవడి తప్పు చదివితే దిద్దేది.

శ్రావణం మళ్ళీ వచ్చింది. శాణూ పోయిన తిథి నాడు ఆవడి తన ఇంట గుప్పెడు అన్నం వండి, ముద్ద చేసి, పెరటి గోడ మీద పెట్టి కాకుల్ని పిలిచింది. గిన్నెలు తోమడానికి ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ పిల్ల వచ్చింది.

“ఎవరికది?”

“మీ బాబాకి, తల్లీ.”

పిల్ల విడ్డూరంగా చూసింది. “మా బాబా గంట కొట్టడానికి పోయాడుగా.”

ఇంట్లో పెద్దవాళ్ళు చేసే పాత పనులు చెప్పిన పిల్లల్ని పాద్రి ఆదివారం అందరి ముందూ మెచ్చుకునేవాడు. ఇజబెల్ లేచి నిలబడి, అన్నం ముద్ద గురించీ కాకుల గురించీ ఒక్క ముక్క పోకుండా చెప్పింది. బహుమానంగా బెల్లం అచ్చు చేతిలో పడింది. పాద్రి ఆవడి వైపు తిరిగి, ఎంతో నొచ్చుకుంటూ శిక్ష చెప్పాడు.

మెడలో తాడు, చేతిలో వెలగని కొవ్వొత్తి. ప్రార్థన జరుగుతున్నంతసేపూ చర్చి గుమ్మం బయట వానలో నిలబడాలి. లోపలికి పోయేవాళ్ళు చూసుకుంటూ పోయారు. ఉప్పుమళ్ళవైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్ల ఇజబెల్‌ని మోచేత్తో పొడిచి “ఎవరే ఆ ముసల్ది?” అని అడిగింది.

“మా ఇంట్లో అంట్లు తోముతుంది,” అంది ఇజబెల్, కాతరీన్ వేలు పట్టుకుని లోపలికి పోతూ.

మనవరాలు ఒళ్ళు చేసింది, బుగ్గలు నిండాయి అనుకుంది ఆవడి. లోపల ప్రార్థన మొదలైంది. తనకి తెలిసిన చోటల్లా ఆమె కూడా గొంతు కలిపింది.